ఫెర్రీ డెక్కు మీద నుంచి సముద్రాన్ని లెక్కపెట్టడం

స్కాట్లండ్ పశ్చిమ తీరంలోని ఉల్లపూల్ రేవు నుంచి లూయిస్ దీవిలోని స్టోర్నొవేకి ఏడాది పొడవునా ఫెర్రీ నడుస్తుంది. మనుషులు, కార్లు, లారీలు, దీవి దుకాణాలకు వెళ్లే సరుకు అన్నీ అందులోనే. మధ్యలో ఉన్న సముద్రాన్ని మించ్ అంటారు. దాటడానికి దాదాపు రెండున్నర గంటలు పడుతుంది. ఎండాకాలంలో నీళ్లు నిలకడగా ఉన్న రోజున డెక్కు మీద బైనాక్యులర్లు పట్టుకుని నిలబడితే మింకీ తిమింగలాలు, డాల్ఫిన్లు, పోర్పాయిస్‌లు, వాటి పైన వందలాది పక్షులు కనిపించే అవకాశం ఉంది. టికెట్ కొన్న ఎవరికైనా దక్కే దృశ్యం అది. దానికోసం ప్రత్యేకంగా ఓడను మాట్లాడుకోనక్కర్లేదు.

ఉత్తర సముద్రాల్లో ఇలాంటి దారులు చాలా ఉన్నాయి. ఓబన్ నుంచి బారా దీవికి, అబర్డీన్ నుంచి షెట్లండ్‌కి, డెన్మార్క్ నుంచి ఫారో దీవుల మీదుగా ఐస్‌లండ్‌కి ఫెర్రీలు తిరుగుతాయి. నార్వే తీరం వెంట 1893 నుంచి తపాలా ఓడలు నడుస్తున్నాయి. అట్లాంటిక్ అవతల బ్రిటిష్ కొలంబియా, వాషింగ్టన్, అలాస్కా ఫెర్రీలున్నాయి. ఈ డెక్కుల మీద నిలబడి చూసినవాళ్లు రాసిపెట్టిన లెక్కలు కొన్ని దశాబ్దాలుగా పోగవుతూ వచ్చాయి. ఆ లెక్కలతో సముద్రం గురించి నిజంగా ఎంత తెలుసుకోవచ్చు? జీవశాస్త్రజ్ఞుల్లో దీని మీద రెండు అభిప్రాయాలున్నాయి. ఫెర్రీ లెక్క గట్టి శాస్త్రానికి పనికిరాదని కొందరు అన్నారు. అది లేకపోతే సముద్రంలో మార్పు మన కంటికి అందదని మరికొందరు అన్నారు. రెండు పక్షాల వాదనలూ చదివాక నాకు అర్థమైంది ఇది: సముద్రంలో ఎన్ని ప్రాణులున్నాయో ఫెర్రీ చెప్పలేదు. ఒకే గీత మీద ఏం మారుతోందో చెప్పడంలో మాత్రం అంత చవకగా, అంత తరచుగా పనిచేసే సాధనం మరొకటి లేదు.

ముందు చూపు సంగతి. ఈ నీళ్లలో అందరికన్నా ఎక్కువగా ఉండేదీ, అందరూ ఎక్కువగా చూడకుండా వదిలేసేదీ హార్బర్ పోర్పాయిస్. పొడవు మీటరున్నర, బరువు యాభై అరవై కిలోలు. డాల్ఫిన్‌లా ఎగరదు, ఓడ దగ్గరికి ఆడుకోవడానికి రాదు. బూడిద రంగు వీపు, దాని మధ్య చిన్న త్రికోణపు రెక్క. బండి చక్రం అంచు నీటిపైకి తేలి మళ్లీ మునిగినట్టు ఒక్కసారి తిరిగి పోతుంది. అలా మూడు నాలుగు సార్లు తేలి, తర్వాత నిమిషాల తరబడి కనిపించదు. నీటి మీద తెల్లనురుగు లేచిందంటే ఇక దాన్ని పట్టుకోవడం కష్టం. సర్వేలు చేసేవాళ్లు గాలి, అలల తీవ్రతను బోఫోర్ట్ కొలమానంలో రాస్తారు. ఆ అంకె రెండు దాటగానే పోర్పాయిస్‌లు కనిపించే రేటు ఒక్కసారిగా పడిపోతుంది. అవి ఎక్కడికీ పోవు, మన కన్నే ఓడిపోతుంది. అందుకే అనుభవం ఉన్న పరిశీలకుడు జంతువును రాయడానికి ముందు సముద్రం ఎలా ఉందో రాస్తాడు. ఆ కాలమ్ ఖాళీగా ఉన్న నోటుపుస్తకం ఎంత అందంగా ఉన్నా లెక్కకు రాదు.

మింకీ తిమింగలం ఏడెనిమిది మీటర్లుంటుంది. ఊపిరి వదిలినప్పుడు లేచే ఆవిరి సాధారణంగా కనిపించదు. నున్నని నల్లటి వీపు, కొక్కెంలా వెనక్కి వంగిన రెక్క, అంతే. తర్వాత ఐదారు నిమిషాలు నీటి కిందే ఉండిపోవచ్చు. ఇక్కడ ఫెర్రీ వేగం అడ్డొస్తుంది. గంటకు 35 కిలోమీటర్ల వేగంతో వెళ్లే ఓడ నిమిషానికి దాదాపు 600 మీటర్లు దాటుతుంది. ఆ తిమింగలం ఒక్కసారి మునిగి తేలేలోగా ఓడ మూడు కిలోమీటర్లు ముందుకు పోయి ఉంటుంది. అంటే ఓడ దారిలోనే ఉండి కూడా ఒక్కసారైనా కనిపించని తిమింగలాలు ఎన్నో ఉంటాయి. గణాంకశాస్త్రజ్ఞులను దశాబ్దాలపాటు వేధించిన ప్రశ్న ఇదే: సరిగ్గా మన ముందున్న జంతువును మనం చూసే అవకాశం ఎంత? ఆ అంకె తెలియకుండా సాంద్రత లెక్క కట్టలేం. దాన్ని రాబట్టాలంటే ఒకరినొకరు చూసుకోని రెండు జట్లు ఒకే ఓడ మీద విడివిడిగా వెతకాలి, ఒకరు చూసినవాటిలో రెండోవారు ఎన్ని చూశారో పోల్చాలి. పరిశోధన నౌక మీద ఆ ఏర్పాటు కుదురుతుంది. ప్రయాణికుల ఫెర్రీలో అంత చోటూ దొరకదు, అంతమంది మనుషులూ దొరకరు.

పక్షుల లెక్కకు ఇంకో చిక్కుంది, అవి ఎగురుతాయి. ఓడకు ఒక పక్కన 300 మీటర్ల వెడల్పున ఒక పట్టీ ఊహించుకుని అందులో కనిపించిన ప్రతి పక్షినీ లెక్కపెట్టామనుకోండి. నీటి మీద తేలేవాటి విషయంలో ఆ లెక్క సబబే. ఎగిరేవి మాత్రం పక్కనుంచి పట్టీలోకి వస్తూ పోతూ ఉంటాయి. వచ్చిన ప్రతిదాన్నీ కలుపుకుంటే ఉన్నవాటికన్నా చాలా ఎక్కువ తేలతాయి. బ్రిటన్‌లో ప్రభుత్వ ప్రకృతి సంరక్షణ విభాగం 1979లో సముద్ర పక్షులను నడిసముద్రంలో లెక్కపెట్టే పని మొదలుపెట్టింది. ఆ జట్టులోని మార్క్ టాస్కర్, ఆయన సహచరులు 1984లో ఆక్ అనే పత్రికలో దీనికి ఒక దారి చూపారు. ఎగిరే పక్షులను నిరంతరంగా లెక్కపెట్టకూడదు. ఓడ 300 మీటర్లు ముందుకు వెళ్లిన ప్రతిసారీ ఫొటో తీసినట్టు ఒక్క క్షణం చూడాలి, ఆ క్షణంలో చదరంలో ఉన్నవే లెక్క. నీటి మీదివాటిని దూరాన్నిబట్టి పట్టీలుగా విడగొట్టి రాయాలి: 50 మీటర్లలోపు, 100లోపు, 200లోపు, 300లోపు. దూరం పెరిగేకొద్దీ ఎన్ని తప్పిపోతున్నాయో ఆ పట్టీల తేడా చెబుతుంది. యూరప్ అంతటా సముద్ర పక్షుల సర్వేలు ఇప్పటికీ కొద్ది మార్పులతో ఈ పద్ధతినే పాటిస్తున్నాయి. ఎవరు, ఎక్కడ, ఏ ఏట లెక్కపెట్టినా ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూడగలగడం దానివల్లే సాధ్యమైంది. ఈ రంగంలో జరిగిన అతి ముఖ్యమైన పని నా దృష్టిలో ఇదే. ఎన్ని కొత్త కెమెరాలు వచ్చినా దీని స్థానం తగ్గలేదు.

మామూలు ఓడలను శాస్త్రానికి వాడుకోవడం అంతకన్నా పాత ఆలోచన. ఆలిస్టర్ హార్డీ తయారుచేసిన, ప్లవకాలను పట్టే యంత్రాన్ని 1931లో ఇంగ్లండ్‌లోని హల్ నుంచి జర్మనీలోని బ్రెమెన్‌కి వెళ్లే వాణిజ్య నౌక వెనక కట్టి లాగించారు. పట్టుగుడ్డ మీద చిక్కుకునే ఆ చిన్న జీవుల లెక్క ఆనాటి నుంచి, యుద్ధకాలపు విరామం తప్ప, నేటిదాకా కొనసాగుతోంది. సముద్రం వేడెక్కేకొద్దీ చల్లటి నీటి ప్లవకాలు ఉత్తరానికి జరుగుతున్నాయని చూపించింది ఆ లెక్కే. తిమింగలాల విషయంలో అలాంటి క్రమపద్ధతి ఆలస్యంగా వచ్చింది. ఇంగ్లండ్‌లోని పోర్ట్స్‌మత్ నుంచి స్పెయిన్‌లోని బిల్బావోకి వెళ్లే ఫెర్రీ మీద 1995లో మొదలైన బిస్కే డాల్ఫిన్ పరిశోధన కార్యక్రమం దానికి దారి వేసింది. 2001లో ఓర్కా అనే స్వచ్ఛంద సంస్థ ఏర్పడింది. ఆ సంస్థ శిక్షణ ఇచ్చిన స్వచ్ఛంద సర్వేయర్లు జట్లుగా ఫెర్రీని నడిపే చోటైన బ్రిడ్జి మీద నిలబడతారు. ఇద్దరు చెరో వైపు చూస్తారు, ఒకరు రాస్తారు, ఒకరు విశ్రాంతి తీసుకుంటారు. కళ్లు అలిసిపోకుండా కొద్దిసేపటికోసారి చోట్లు మార్చుకుంటారు.

ఫెర్రీకున్న లోపాలు చిన్నవి కావు. ఫెర్రీ ఎక్కడికి పోవాలో రేవులు నిర్ణయిస్తాయి, తిమింగలాలు కాదు. లోతైన అగాధం పక్కనే ఉన్నా అటు తిరగదు. ఒక జంతువు కనిపిస్తే ఆగి, దగ్గరికి వెళ్లి జాతి తేల్చుకునే వీలు లేదు. దూరంగా వెళ్లిన డాల్ఫిన్ల గుంపు పక్కన ‘జాతి తెలియదు’ అని రాసి ఊరుకోవాలి. అలా రాయగలగడం మంచి పరిశీలకుడి లక్షణం. ఊహించి పేరు పెట్టిన ఒక్క నమోదు తర్వాత వచ్చే పదిమంది విశ్లేషకులను తప్పుదారి పట్టిస్తుంది. అబర్డీన్ నుంచి షెట్లండ్ వెళ్లే ఓడలు రాత్రంతా ప్రయాణిస్తాయి. అయితే జూన్‌లో షెట్లండ్‌లో పగలు దాదాపు 19 గంటలు కాబట్టి సాయంత్రం బాగా పొద్దుపోయేదాకా, తెల్లవారుజామున మళ్లీ, చూడటానికి వెలుతురు ఉంటుంది. డిసెంబరులో అదే ఓడ మొత్తం ప్రయాణం చీకట్లోనే.

ఇంతకన్నా పెద్ద చిక్కు ఓడ ఉనికే. కామన్ డాల్ఫిన్లు ఓడ శబ్దం వినగానే దూరం నుంచి పరుగున వచ్చి అణియం ముందు పుట్టే అలమీద సవారీ చేస్తాయి. ఫుల్మర్ పక్షులు ఓడల వెంట గంటల తరబడి తిరుగుతాయి. చేపల పడవలు పారేసే వ్యర్థాలకు తరతరాలుగా అలవాటుపడిన జాతి అది. ఇవి ఉన్నవాటికన్నా ఎక్కువగా లెక్కకొస్తాయి. పోర్పాయిస్ ఓడకు దూరంగా జరుగుతుంది. గిలెమాట్ పక్షులు ఓడ దగ్గరపడగానే మునుగుతాయి. ఇవి తక్కువగా లెక్కకొస్తాయి. వలకు భయపడి పారిపోయిన చేపను కూడా లెక్కలోకి తేవలసిన పని ఇది. ఫెర్రీ లెక్కను తోసిపుచ్చేవాళ్ల వాదనలో బలం ఇక్కడే ఉంది, దాన్ని ఒప్పుకోవాలి. అందుకే ఫెర్రీ లెక్కల నుంచి ‘ఈ సముద్రంలో ఇన్ని పోర్పాయిస్‌లున్నాయి’ అని ప్రకటించేవాళ్లను నేను నమ్మను.

ఆ మొత్తం అంకె కోసం వేరే సర్వేలున్నాయి. ఉత్తర సముద్రంలోనూ చుట్టుపక్కల అట్లాంటిక్ నీళ్లలోనూ స్కాన్స్ అనే మహా సర్వే 1994, 2005, 2016, 2022 వేసవుల్లో జరిగింది. విమానాలు, నౌకలు, అనేక దేశాల శాస్త్రజ్ఞులు కలిసి చేసిన పని అది. దాని వల్ల తేలిన విషయాల్లో ఒకటి ఎంతో ఆసక్తికరమైంది. 1994లో పోర్పాయిస్‌లు స్కాట్లండ్‌కి తూర్పున, ఉత్తర సముద్రపు వాయవ్య భాగంలో ఎక్కువగా కనిపించాయి. 2005కి ఆ గుమిగూడిన చోటు దక్షిణానికి, ఇంగ్లండ్–నెదర్లండ్స్ వైపు జరిగింది. మొత్తం సంఖ్య పెద్దగా మారలేదు. మరి ఆ తరలింపు ఎప్పుడు జరిగింది? ఒక్క ఏడాదిలోనా, మెల్లగా పదేళ్లలోనా? ఏ చేప తగ్గినప్పుడు? పదకొండేళ్ల ఎడంతో తీసిన రెండు చిత్రాలు దీనికి జవాబివ్వలేవు. పైగా రెండూ జూలై చిత్రాలే. ప్రతి వారం ఒకే గీత దాటే ఓడ మీద ఒకే పద్ధతిలో చూసినవాళ్ల పుస్తకాల్లోనే ఆ జవాబు దొరుకుతుంది. ఫెర్రీ లెక్కలో పక్షపాతం ఉన్నమాట నిజమే. కానీ అదే ఓడ, అదే ఎత్తు, అదే వేగం, అదే దారి ఉన్నంతకాలం ఆ పక్షపాతం ఏటేటా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. ఈ ఏడాదిని నిరుటితో పోల్చడానికి అది చాలు. ఓడను మార్చినప్పుడు మాత్రం జాగ్రత్త కావాలి. డెక్కు ఎత్తు రెండు మీటర్లున్న పడవ నుంచి దిక్చక్రం ఐదు కిలోమీటర్ల దూరంలో ఉంటే, పదిహేను మీటర్ల ఎత్తు నుంచి అది దాదాపు 14 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. కొత్త ఓడ వచ్చిన ఏడాది లెక్క పెరిగితే జంతువులు పెరిగాయో, ఎత్తు పెరిగిందో ముందు తేల్చుకోవాలి.

విడివిడిగా చిన్నవైన లెక్కలు కలిపితే ఎంత బరువు వస్తుందో 2020లో జేమ్స్ వాగిట్, సహచరులు చూపారు. ఈశాన్య అట్లాంటిక్‌లో 1980 నుంచి 2018 దాకా ఓడల మీద, విమానాల మీద జరిగిన సర్వేలను ఒకచోట చేర్చారు. 26 లక్షల కిలోమీటర్లకు మించిన పరిశీలన అది. దాని నుంచి పన్నెండు రకాల తిమింగల, డాల్ఫిన్ జాతులకు, పన్నెండు రకాల సముద్ర పక్షులకు నెలవారీ పటాలు తయారయ్యాయి. గాలిమరల క్షేత్రాలు ఎక్కడ కట్టాలి, వలలు ఎక్కడ ఆపాలి అనే చర్చల్లో ఇప్పుడు అలాంటి పటాలను ముందు పెట్టుకుంటున్నారు. స్కాట్లండ్ పశ్చిమాన ఉన్న హెబ్రిడీస్ సముద్రాన్ని 2020 డిసెంబరులో మింకీ తిమింగలం, బాస్కింగ్ షార్క్‌ల కోసం రక్షిత ప్రాంతంగా ప్రకటించారు. స్కాట్లండ్‌కు వాయవ్యాన చల్లటి నీటిని ఇష్టపడే వైట్‌బీక్డ్ డాల్ఫిన్ తగ్గి, వెచ్చటి నీటి కామన్ డాల్ఫిన్ పెరుగుతోందని 2005లోనే ఒక పరిశోధన హెచ్చరించింది. హెబ్రిడీస్ దారుల్లో ఇవాళ కామన్ డాల్ఫిన్ల గుంపులు కొత్త సంగతి కాదు.

పక్షుల దగ్గర ఫెర్రీ చూపుకి ఇంకో ప్రత్యేకత ఉంది. కొండ చరియల మీద గూళ్లు లెక్కపెట్టేవాళ్లకు గూడు కట్టే పెద్ద పక్షులే దొరుకుతాయి. పెళ్లీడు రాని పక్షులు, గూడు వదిలిన పిల్లలు సముద్రం మీదే ఉంటాయి. గానెట్‌ని చూడండి. మొదటి ఏడు ముదురు గోధుమ రంగు, తర్వాత ఏటేటా తెలుపు పెరుగుతూ నాలుగైదేళ్లకు పూర్తి తెల్లటి ఒళ్లు, నల్లటి రెక్క కొసలు, లేత పసుపు తల. ఆరడుగుల రెక్కలు మడిచి నీళ్లలోకి దూకే ఆ పక్షి రంగుల్ని డెక్కు మీదినుంచి లెక్కపెడితే ఏ ఏడు ఎన్ని పిల్లలు బతికాయో ఒక అంచనా వస్తుంది. జూలైలో నీటి మీద ఒక పెద్ద గిలెమాట్, దాని పక్కనే పిలుస్తూ ఈదే చిన్నది కనిపిస్తే అవి తండ్రీబిడ్డలు. మూడు వారాల వయసులో, ఇంకా సరిగ్గా ఎగరలేని పిల్ల కొండ అంచు నుంచి కిందికి దూకుతుంది. తండ్రి దాన్ని వెంటబెట్టుకుని నడిసముద్రానికి వెళ్లి నెల రెండు నెలలు మేపుతాడు. ఆ కాలంలో తండ్రి కూడా రెక్క ఈకలు రాల్చుకుని కొన్ని వారాలు ఎగరలేని స్థితిలో ఉంటాడు. చమురు తెట్టు ఎక్కడ ప్రాణాంతకమో తెలియాలంటే ఈ జంటలు ఎక్కడ తిరుగుతున్నాయో తెలియాలి. ఏ గూళ్ల లెక్కా అది చెప్పదు.

2021, 2022ల్లో వచ్చిన పక్షి జ్వరం ఈ అవసరాన్ని క్రూరంగా చూపించింది. ప్రపంచంలోని గ్రేట్ స్కువా పక్షుల్లో దాదాపు 60 శాతం స్కాట్లండ్‌లోనే గూళ్లు కట్టుకుంటాయి. బ్రిటన్, ఐర్లండ్‌ల సముద్ర పక్షుల జనగణన 2015లో మొదలై 2021లో అప్పుడే ముగిసింది. జ్వరం తర్వాత మళ్లీ లెక్కపెడితే బ్రిటన్‌లో గ్రేట్ స్కువాలు 76 శాతం తగ్గాయని, గానెట్లు 25 శాతం తగ్గాయని తేలింది. అంతకుముందు ప్రపంచంలోనే పెద్ద గానెట్ నివాసంగా ఉన్న బాస్ రాక్ దీవి మూడో వంతు దాకా ఖాళీ అయింది. బతికి బయటపడ్డ కొన్ని గానెట్ల కళ్లు మారిపోయాయి. మామూలుగా లేత నీలం రంగులో ఉండే కంటిపాప చుట్టూ ఉన్న భాగం నల్లబడింది. మంచి కెమెరా ఉంటే, ఫెర్రీ పక్కనే ఎగిరే గానెట్ కంటిని ఫొటోలో చూడవచ్చు.

ఓర్కా తిమింగలాల విషయంలో లెక్క కన్నా గుర్తింపు ముఖ్యం. స్కాట్లండ్ పశ్చిమ తీరంలో తిరిగే ఒక చిన్న ఓర్కా సమూహంలో లూలూ అనే ఆడది 2016 జనవరిలో టైరీ దీవిలో చచ్చి ఒడ్డుకు కొట్టుకొచ్చింది. దాని ఒంట్లో పీసీబీ అనే నిషేధిత రసాయనం ప్రపంచంలోనే అత్యధిక స్థాయుల్లో కనిపించింది. ఆ సమూహంలో ఇటీవలి ఏళ్లలో కనిపిస్తున్నవి జాన్ కో, అక్వేరియస్ అనే రెండు మగవి మాత్రమే. పిల్లలు పుట్టే దారి లేదు. జాన్ కో వీపు మీది రెక్కలో పెద్ద గంటు ఉంటుంది కాబట్టి దాన్ని ఎవరైనా పోల్చుకోగలరు. ప్రయాణికుడు తీసిన ఒక్క ఫొటో కూడా ఇక్కడ శాస్త్రీయ సాక్ష్యమే. ఉత్తరాన పెంట్‌లండ్ జలసంధిలో సీ వాచ్ ఫౌండేషన్ 2012 నుంచి ఏటా ఓర్కా వాచ్ వారం జరుపుతోంది. కొండకొమ్ముల మీద, ఫెర్రీల మీద జనం నిలబడి చూస్తారు.

ఫెర్రీ ఒక చూసే వేదిక అనుకుని అక్కడితో ఆగిపోవడం న్యాయం కాదు. అది సముద్రంలో పెద్ద శబ్దం చేసే యంత్రం కూడా. శబ్దంతోనే వేటాడే జంతువులకు అది ఎంత అడ్డో ఉత్తర అమెరికా పశ్చిమ తీరంలో అనుభవపూర్వకంగా తెలిసింది. అక్కడి సదరన్ రెసిడెంట్ ఓర్కాలు డెబ్బై పైచిలుకు మాత్రమే మిగిలాయి. ఓషన్ వైజ్ అనే సంస్థ 2018లో తెచ్చిన హెచ్చరిక వ్యవస్థలో, ఎవరైనా తిమింగలాన్ని చూసి ఫోన్‌లో నమోదు చేస్తే దగ్గరలో ఉన్న పెద్ద ఓడల సిబ్బందికి కబురు చేరుతుంది. వాషింగ్టన్, బ్రిటిష్ కొలంబియా ఫెర్రీల సిబ్బంది దాన్ని చూసి వేగం తగ్గిస్తారు, దారి కాస్త మారుస్తారు. ఇన్నేళ్లుగా చూసి రాసుకోవడం వరకే ఉన్న పని, చూసిన క్షణంలోనే జంతువుకు మేలు చేసే పనిగా మారింది. ఉత్తర ఐరోపా ఫెర్రీలు దీన్నుంచి నేర్చుకోవలసింది చాలా ఉంది.

మన సముద్రాల్లో ఈ పని జరగలేదని కాదు. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు 2003–07 మధ్య సాగర్ సంపద నౌక మీద వెళ్లి భారత జలాల్లో తిమింగలాలను, డాల్ఫిన్లను నమోదు చేశారు. ఉత్తరపు పక్షులకు మన సముద్రంతో నేరుగా బంధుత్వం కూడా ఉంది. షెట్లండ్‌లోని ఫెట్లర్ దీవిలో గూడు కట్టే రెడ్‌నెక్డ్ ఫాలరోప్ అనే చిన్న పక్షికి 2012లో కట్టిన పరికరం అది శీతాకాలానికి పసిఫిక్ దాకా పోయిందని చూపింది. స్కాండినేవియాలో గూడు కట్టే అదే జాతి పక్షులు అరేబియా సముద్రానికి వస్తాయి. విశాఖపట్నం నుంచి శ్రీ విజయపురానికి (పాత పేరు పోర్ట్ బ్లెయిర్) ప్రయాణికుల ఓడ ఉంది, బంగాళాఖాతాన్ని అడ్డంగా కోసే దారి అది. అక్కడ ఇద్దరు శిక్షణ పొందిన మనుషులు నిలబడితే ఏం తెలుస్తుందో ఊహించుకుంటే నాకు ఉత్సాహం ఆగదు.

ఉత్తరాన మాత్రం ఇప్పుడు మిగిలిన పెద్ద ఖాళీ శీతాకాలం. సర్వేలన్నీ దాదాపు ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకానే. పగలు ఎక్కువ, నీళ్లు నెమ్మది, స్వచ్ఛంద పరిశీలకులు దొరుకుతారు. కానీ పక్షులు చచ్చిపోయేది చలికాలంలో. 2013–14 శీతాకాలపు వరస తుఫానులకు పశ్చిమ ఐరోపా తీరాల్లో 50 వేలకు పైగా సముద్ర పక్షుల కళేబరాలు కొట్టుకొచ్చాయి, సగానికి పైగా పఫిన్లు. అవి అంతకుముందు వారాల్లో ఏ నీళ్ల మీద ఉన్నాయో చెప్పే లెక్క చాలా కొద్ది. బ్రిటన్ ప్రకృతి సంరక్షణ సలహా సంస్థ జేఎన్‌సీసీ స్వచ్ఛంద పరిశీలకులకు 300 మీటర్ల పద్ధతి నేర్పి స్కాట్లండ్ ఫెర్రీలు ఎక్కిస్తోంది. ఆ జట్లకు జనవరి, ఫిబ్రవరి నెలల్లో కూడా బ్రిడ్జి మీద చోటు, తిరుగు టికెట్టు ఇప్పించాలి. చలికాలంలో మించ్ దాటుతుండగా పగటి వెలుతురు ఉండేది కొద్ది గంటలే. చాలా రోజులు అలల తీవ్రత ఐదు దాటి, లెక్క సున్నాతో ముగుస్తుంది. ఎన్ని గంటలు చూస్తే సున్నా వచ్చిందో రాసిపెట్టిన ఆ కాగితం కూడా జూలై కాగితం పక్కన ఉండాలి.